సముద్ర అకశేరుకాల నాడీవిషాలు – భక్షక జీవులు: ఎర పురుగు నుండి వరిచేను దాకా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

సముద్రంలో నివసించే పురుగులు, నత్తలు, గుల్లలు, పీతల వంటి వెన్నెముక లేని జీవుల్లో అనేక సహజ నాడీవిషాలు ఉన్నాయి. ఇవి తమను తినే జీవులన్నింటిపై ఒకే విధంగా పనిచేయవు. ఒక జీవిని చంపే విషం మరొక జీవికి హాని చేయకపోవచ్చు. ఈ భేదానికి కారణం తినే జీవి నాడీకణంలోని గ్రాహకాలు, అయాన్ ద్వారాల నిర్మాణమే. జపాన్ తీరంలో చేపల ఎరగా వాడే ఒక పురుగులో దొరికిన నెరీస్‌టాక్సిన్ అనే విషం, కార్టాప్ హైడ్రోక్లోరైడ్ అనే పురుగుమందుకు మూలమై కృష్ణా డెల్టా వరిచేలకు చేరింది. ఈ ఉదాహరణను కేంద్రంగా తీసుకొని, విషాల పనితీరును, వాటికి ఏర్పడే నిరోధకతను, ప్రమాద చికిత్సలో జరగగల పొరపాటును ఈ వ్యాసం వివరిస్తుంది. తుళ్లూరు పరిసరాల పత్తి, మిరప సాగు అనుభవాలను అవసరమైన చోట పోలికగా గ్రహిస్తుంది.

కీలకపదాలు: నాడీవిషం, నెరీస్‌టాక్సిన్, కార్టాప్, సాక్సిటాక్సిన్, సోడియం ద్వారం, నిరోధకత, తుళ్లూరు, కృష్ణా డెల్టా.

1. ఉపోద్ఘాతం:

తుళ్లూరు ప్రాంతం పత్తికి, మిరపకు పేరుపడిన నల్లరేగడి నేల. ఇక్కడి మిరప చేలో పండిన కాయను చిలుక కొరికి తింటుంది. దాని నోరు మండదు. అదే కాయను కొరికిన మనిషి కళ్ల నీళ్లు పెట్టుకుంటాడు. కాయలోని క్యాప్సెయిసిన్ రెండు సందర్భాల్లోనూ ఒక్కటే. క్షీరదాల నాడుల్లో ఉన్న టి.ఆర్.పి.వి.1 అనే గ్రాహకం ఆ పదార్థాన్ని వేడిగా, మంటగా గుర్తిస్తుంది. పక్షుల్లో అదే గ్రాహకం నిర్మాణంలో కొద్దిపాటి తేడా ఉండటం వల్ల క్యాప్సెయిసిన్ దానిపై పనిచేయదు. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ పురస్కారం లభించింది. క్షీరదం నమిలితే మిరప విత్తనం నలిగిపోతుంది. పక్షి మింగితే విత్తనం చెడకుండా వేరొక చోట పడి మొలుస్తుంది. కనుక ఈ భేదం వల్ల మొక్కకు ప్రయోజనం ఉంది.

తినే జీవిని బట్టి పదార్థ ప్రభావం మారుతుందన్న ఈ సూత్రమే సముద్ర అకశేరుకాల నాడీవిషాలకు కూడా వర్తిస్తుంది. తుళ్లూరు సముద్రతీర గ్రామం కాదు. అయితే ఇక్కడి వాననీరు కొండవీటి వాగు ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణానదిలో కలుస్తుంది. బ్యారేజీ నుండి కాలువల ద్వారా డెల్టా వరిచేలకు, మిగిలినది హంసలదీవి వైపు సముద్రానికి చేరుతుంది. ఆ డెల్టా చేలలో రైతు చల్లే గుళికల్లో ఒక రకానికి మూలం సముద్రపు పురుగు విషం. ఈ సంబంధాన్ని గుర్తిస్తే, సముద్ర జీవశాస్త్రానికి చెందినదిగా కనిపించే విషయం వ్యవసాయానికి, ప్రజారోగ్యానికి ఎంత దగ్గరిదో స్పష్టమవుతుంది.

2. నాడీవిషం పనిచేసే తీరు:

నాడీకణం తన సందేశాన్ని రెండు దశల్లో పంపుతుంది. మొదటి దశలో కణత్వచంలోని సోడియం ద్వారాలు తెరుచుకొని, సోడియం అయాన్లు లోపలికి ప్రవేశించి, విద్యుత్ తరంగం నాడి పొడవునా ప్రయాణిస్తుంది. రెండవ దశలో ఆ తరంగం నాడి కొసకు చేరి ఎసిటైల్‌కోలిన్ వంటి రసాయనాన్ని విడుదల చేస్తుంది. అది ఎదుటి కణంలోని గ్రాహకానికి అతుక్కొని సందేశాన్ని అందజేస్తుంది. పని పూర్తికాగానే కోలిన్‌ఎస్టరేజ్ అనే ఎంజైము ఎసిటైల్‌కోలిన్‌ను విడగొడుతుంది.

నాడీవిషాలు ఈ క్రమంలో ఏదో ఒక మెట్టును దెబ్బతీస్తాయి. సముద్ర విషాలైన టెట్రోడోటాక్సిన్, సాక్సిటాక్సిన్ సోడియం ద్వారాన్ని బయటి నుండి మూసివేస్తాయి. పత్తిచేలో వాడే సింథటిక్ పైరిత్రాయిడ్లు అదే ద్వారాన్ని మూసుకోనివ్వకుండా చేస్తాయి. మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు కోలిన్‌ఎస్టరేజ్‌ను అడ్డుకుంటాయి. రసం పీల్చే పురుగులపై వాడే ఇమిడాక్లోప్రిడ్ ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాన్ని అదేపనిగా ఉత్తేజపరుస్తుంది. నెరీస్‌టాక్సిన్ ఆ గ్రాహకాన్నే పనిచేయకుండా అడ్డగిస్తుంది. సముద్రపు జీవి, రైతు దుకాణంలో కొనే మందు ఒకే లక్ష్యాల మీద పనిచేస్తున్నాయన్నది ఇక్కడ గమనించదగిన అంశం.

3. సముద్ర అకశేరుకాల్లో విషాల మూలాలు:

ఈ విషాలను మూలాన్ని బట్టి మూడు విధాలుగా విభజించవచ్చు.

3.1 వేటకు వాడే విషం: శంకు నత్తలు తమ దంతాన్ని బల్లెంలా విసిరి చేపను, పురుగును లేదా మరొక నత్తను స్తంభింపజేసి తింటాయి. వీటి విషంలోని చిన్న పెప్టైడ్లను కోనోటాక్సిన్లు అంటారు. కోనస్ మాగస్ అనే జాతి విషం ఆధారంగా రూపొందిన జికోనోటైడ్ అనే ఔషధానికి తీవ్రమైన దీర్ఘకాలిక నొప్పి నివారణ కోసం 2004లో అమెరికాలో అనుమతి లభించింది. ఇక్కడ విషం తినే జీవిదే.

3.2 సహజీవనం వల్ల, ఆహారం వల్ల చేరే విషం: టెట్రోడోటాక్సిన్‌కు 1909లో జపాన్ శాస్త్రవేత్త యోషిజుమి తహారా ఆ పేరు పెట్టాడు. పొట్ట ఉబ్బించుకునే పఫర్ చేపల వల్ల ఇది ప్రసిద్ధమైనప్పటికీ నీలి వలయాల ఆక్టోపస్, కొన్ని పీతలు, నక్షత్ర చేపలు, నత్తల్లో కూడా ఉంటుంది. దీనిని బాక్టీరియా తయారుచేస్తుందని, ఆహారపు గొలుసు ద్వారా ఒక జీవి నుండి మరొక జీవికి చేరుతుందని పరిశోధకులు భావిస్తున్నారు. బంగాళాఖాతపు ఉత్తర తీరంలోనూ కనిపించే కార్సినోస్కార్పియస్ రొటుండికాడా అనే గుర్రపునాడా పీత గుడ్లు తిని థాయ్‌లాండ్‌లో మనుషులు విషప్రభావానికి గురయ్యారు.

3.3 స్వీయరక్షణ విషం: కొన్ని జీవుల శరీరంలోనే ఉండి, వాటిని తాకిన లేదా తిన్న జీవికి హాని చేసే విషం ఈ కోవకు చెందుతుంది. ఎర పురుగులోని నెరీస్‌టాక్సిన్‌ను ఈ తరగతిలో చేర్చవచ్చు.

4. గుల్లను తిన్నవారు పడిపోతారు:

గుల్లలు నీటిని వడగట్టి అందులోని సూక్ష్మజీవులను ఆహారంగా గ్రహిస్తాయి. అలెగ్జాండ్రియం వంటి డైనోఫ్లాజెల్లేట్లు నీటిలో విపరీతంగా పెరిగినప్పుడు వాటిలోని సాక్సిటాక్సిన్ గుల్లల మాంసంలో పేరుకుపోతుంది. గుల్ల పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. దాని రంగులో, వాసనలో, రుచిలో మార్పు ఉండదు. ఉడికించినా విషం నశించదు. తిన్న మనిషికి మొదట పెదవులు, నాలుక తిమ్మిరెక్కుతాయి. తరువాత కాళ్లు చేతులు పట్టు తప్పుతాయి. తీవ్రమైతే శ్వాసకండరాలు స్తంభిస్తాయి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. శరీరం విషాన్ని బయటకు పంపేవరకు కృత్రిమ శ్వాస అందించడమే చికిత్స.

ఇది దూరదేశాల సమస్య మాత్రమే కాదు. 1981లో పొరుగున ఉన్న తమిళనాడు తీరంలో మెరెట్రిక్స్ కాస్టా అనే గుల్లలను తిన్న 85 మంది ఆసుపత్రి పాలయ్యారు, ముగ్గురు మరణించారు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ గుల్లల మాంసంలో సాక్సిటాక్సిన్ వర్గపు విషాల పరిమితిని కిలోకు 0.8 మిల్లీగ్రాములుగా నిర్ణయించింది. ఎగుమతి అయ్యే సరుకుకు ఈ పరీక్ష తప్పనిసరి అవుతుంది. తీరగ్రామంలో ఏరుకొని వండుకునే గుల్లలకు ఆ రక్షణ ఉండదు. విషం తయారుచేసేది ఒక జీవి, మోసేది మరొక జీవి, బాధపడేది మూడవ జీవి కావడం ఈ ఉదంతంలోని ప్రధానాంశం.

5. ఎర పురుగు నుండి పురుగుమందు వరకు:

జపాన్‌లో చేపల వేటకు లుంబ్రికోనెరీస్ హెటెరోపోడా అనే వలయాంగ పురుగును ఎరగా వాడతారు. చచ్చిన ఎర పురుగుల మీద వాలిన ఈగలు చనిపోవడాన్ని అక్కడివారు గమనించారు. ఎరను చేతులతో పట్టుకొనేవారికి తలనొప్పి, వాంతులు, ఊపిరి ఇబ్బంది కలగడం కూడా తెలిసిన విషయమే. 1934లో నిట్టా అనే శాస్త్రవేత్త ఆ పురుగు నుండి విషపదార్థాన్ని వేరుచేసి దానికి నెరీస్‌టాక్సిన్ అని పేరు పెట్టాడు. 1962లో ఒకాయిచి, హషిమోటో దాని నిర్మాణాన్ని వెల్లడించారు.

ఆ నిర్మాణం చాలా చిన్నది. ఒక అణువులో ఐదు కార్బన్, పదకొండు హైడ్రోజన్, ఒక నైట్రోజన్, రెండు గంధకం పరమాణువులు మాత్రమే ఉన్నాయి. మూడు కార్బన్లు, పక్కపక్కనే ఉన్న రెండు గంధకాలు కలిసి ఒక వలయంగా ఏర్పడతాయి. ఆ వలయానికి నైట్రోజన్ సమూహం అతుక్కొని ఉంటుంది. టెట్రోడోటాక్సిన్ వంటి క్లిష్టమైన అణువును కర్మాగారంలో తయారుచేయడం కష్టం. నెరీస్‌టాక్సిన్ అలా కాదు. జపాన్‌కు చెందిన టకేడా సంస్థ ఈ అణువును నమూనాగా తీసుకొని అనేక సమ్మేళనాలను పరీక్షించి, 1967లో కార్టాప్‌ను పడాన్ అనే పేరుతో విపణిలో ప్రవేశపెట్టింది. పురుగు శరీరంలోకి చేరాక కార్టాప్ తిరిగి నెరీస్‌టాక్సిన్‌గా మారుతుంది. బెన్‌సల్టాప్, థయోసైక్లామ్ అనే మందులు కూడా ఈ వంశానికి చెందినవే.

వరిలో కాండం తొలుచు పురుగు పిలక దశలో ఆశిస్తే మొవ్వు ఎండిపోతుంది. ఈనిక దశలో ఆశిస్తే తెల్లకంకులు వస్తాయి. పురుగు కాండం లోపల ఉంటుంది కనుక పైపైన పడే మందు దానిని చేరడం కష్టం. అందుకే పొలంలో పలుచగా నీరు పెట్టి ఎకరాకు 8 కిలోల కార్టాప్ హైడ్రోక్లోరైడ్ 4జి గుళికలు చల్లడం, లేదా లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున 50 ఎస్.పి. పొడిమందును పిచికారీ చేయడం వరి రైతులకు పరిచితమైన సిఫారసులు. ఆకుముడత పురుగుపై కూడా ఈ మందు వాడతారు. మందు తగిలిన పురుగు ఎగిరెగిరి పడదు. దాని శరీరం సడలిపోతుంది, ఆకు తినడం మానివేస్తుంది, చివరకు ఆకలితో చస్తుంది. పురుగు ఇంకా కనిపిస్తున్నదని ఆతురతతో రెండవసారి మందు చల్లే రైతుకు ఈ పనితీరును వివరించడం విస్తరణ సిబ్బంది బాధ్యత.

6. నిరోధకత – గుల్లకు, శనగపచ్చ పురుగుకు ఒకే పాఠం:

విషాన్ని ఎడతెగకుండా తినే జీవి క్రమంగా మారుతుంది. ఉత్తర అమెరికా తూర్పుతీరంలో మియా అరెనారియా అనే గుల్లపై జరిగిన పరిశోధన 2005లో నేచర్ పత్రికలో వెలువడింది. విషపు శైవలాలు తరచుగా వచ్చే చోట నివసించే గుల్లల సోడియం ద్వారంలో ఒకే ఒక అమైనో ఆమ్లం మారినట్లు అందులో తేలింది. గ్లూటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట ఆస్పార్టిక్ ఆమ్లం ఉంది. ఆ మార్పు వల్ల సాక్సిటాక్సిన్ ఆ ద్వారాన్ని పట్టుకునే శక్తి సుమారు వెయ్యి రెట్లు తగ్గింది. అటువంటి గుల్ల చనిపోకుండా ఎక్కువ విషాన్ని నిల్వచేసుకోగలదు. దానివల్ల దానిని తినే మనిషికి అపాయం మరింత పెరుగుతుంది.

దీనికి సమాంతరమైన అనుభవం గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మైదానానిది. సింథటిక్ పైరిత్రాయిడ్లు వచ్చిన కొత్తలో పత్తి రైతుకు గొప్ప ఆసరాగా కనిపించాయి. ఒకే వర్గపు మందును ఒకే పంటపై మళ్లీ మళ్లీ పిచికారీ చేశారు. 1987–88 పంటకాలంలో శనగపచ్చ పురుగు ఆ మందులకు లొంగలేదు. పంట పోయి, అప్పులు మిగిలి, ఈ రెండు జిల్లాల్లో పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. శనగపచ్చ పురుగులో నిరోధకతకు విషాన్ని విడగొట్టే ఎంజైములు ప్రధాన కారణమైతే, నాడి స్పందన తగ్గడం మరొక కారణం. గుల్లలో మార్పు సహజవరణం వల్ల దీర్ఘకాలంలో వచ్చింది. పత్తి పురుగులో అది కొన్ని సంవత్సరాల్లోనే వచ్చింది. వేగానికి కారణం ఒకే మందును పదేపదే వాడిన మానవ ప్రవర్తన.

కార్టాప్ కూడా ఈ నియమానికి మినహాయింపు కాదు. క్యాబేజీని ఆశించే డైమండ్ బ్యాక్ మాత్ పురుగులో ఈ మందుకు నిరోధకత ఆసియా దేశాల్లో నమోదైంది. పురుగుమందుల నిరోధకతపై పనిచేసే అంతర్జాతీయ కార్యాచరణ సంఘం మందులకు పనితీరు ఆధారంగా వర్గసంఖ్యలు ఇచ్చింది. ఆర్గానోఫాస్ఫరస్ మందులు 1బి, పైరిత్రాయిడ్లు 3ఎ, ఇమిడాక్లోప్రిడ్ 4ఎ, కార్టాప్ 14వ వర్గానికి చెందుతాయి. మందు మార్చడమంటే డబ్బా మీది పేరు మార్చడం కాదు, వర్గం మార్చడం. ఈ ఒక్క విషయం రైతుకు, దుకాణదారుకు స్పష్టంగా అందితే 1987–88 నాటి దుస్థితి పునరావృతం కాకుండా కొంతవరకు నివారించవచ్చు.

7. మనిషి, చేప, పట్టుపురుగు:

కీటకాల్లో ఎసిటైల్‌కోలిన్ ప్రధానంగా కేంద్ర నాడీవ్యవస్థలో పనిచేస్తుంది. వాటి కండరాలను కదిలించే నాడీరసాయనం గ్లూటమేట్. మనిషిలో నాడి, కండరం కలిసే చోటనే ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలు ఉన్నాయి. కనుక ఈ విషం మోతాదు మించితే మనిషి శ్వాసకండరాలపై ప్రభావం చూపే అవకాశం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్టాప్‌ను మధ్యస్థ ప్రమాదకరమైన రెండవ తరగతిలో చేర్చింది. సముద్రపు పురుగు నుండి వచ్చినది, సహజమైనది అన్న కారణంగా దానిని సురక్షితమని భావించడం తగదు.

చికిత్సలో మరొక అపాయం పొంచి ఉంది. రసాయన నామం ప్రకారం కార్టాప్ ఒక థయోకార్బమేట్. ఆ పేరు విన్నవారు దీనిని కార్బమేట్ పురుగుమందుల కోవలో చేర్చి, కోలిన్‌ఎస్టరేజ్‌ను అడ్డుకునే విషంగా భావించే ప్రమాదం ఉంది. పల్లెల్లో పురుగుమందు తాగిన వ్యక్తిని ఆసుపత్రికి తెచ్చినప్పుడు ఆర్గానోఫాస్ఫరస్ విషమేనని ఊహించి అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ మొదలుపెట్టడం సహజం. అయితే కార్టాప్ ప్రధానంగా పనిచేసేది గ్రాహకం మీద, ఎంజైము మీద కాదు. ఆ ఎంజైమును తిరిగి పనిచేయించే ప్రాలిడాక్సిమ్ వల్ల ఇక్కడ ప్రయోజనం ఆశించలేము. శ్వాసను కాపాడటం, గంధకపు సమూహాలు కలిగిన డైమెర్కాప్రోల్ వంటి ప్రతివిషాలను వైద్యుల పర్యవేక్షణలో ఇవ్వడం ఇక్కడి మార్గం. అందువల్ల రోగితో పాటు మందు డబ్బాను లేదా సంచిని ఆసుపత్రికి తీసుకురావడం ప్రాణాన్ని నిలిపే పని కాగలదు. ‘గుళికలు మింగాడు’ అన్న మాట ఒక్కటే వైద్యునికి చాలదు. వరిలో వాడే గుళికలన్నీ ఒకే వర్గానికి చెందినవి కావు.

నీటి విషయంలోనూ జాగ్రత్త అవసరం. కార్టాప్ చేపలకు, పట్టుపురుగులకు విషం. గుళికలు వేసిన మడి నీటిని వెంటనే మురుగుకాలువలోకి వదిలితే అది చేపల, రొయ్యల చెరువులకు చేరవచ్చు. వరి, ఆక్వా చెరువులు పక్కపక్కనే ఉన్న డెల్టాలో ఈ ప్రమాదం ఊహ కాదు. రొయ్యల హేచరీల్లో తల్లిరొయ్యలకు పాలీకీట్ వర్గపు సముద్రపు పురుగులనే బలమైన మేతగా వేస్తారు. ఎర పురుగు కూడా ఆ వర్గపు జీవే. ఒక పాలీకీట్ తల్లిరొయ్యకు పోషణ అవుతుంటే, మరొక పాలీకీట్ విషం నుండి పుట్టిన మందు అదే రొయ్య పిల్లలు పెరిగే చెరువుకు ముప్పు కావచ్చు. సముద్రపు పురుగులన్నీ విషపూరితాలని గాని, అన్నీ నిరపాయమని గాని చెప్పలేమని ఇది సూచిస్తుంది.

8. ఉపసంహారం:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• సహజ నాడీవిషం ప్రభావం దాని పుట్టుక వల్ల గాక, దానిని తినే జీవి నాడీకణ నిర్మాణం వల్ల నిర్ణయమవుతుంది. మిరపకాయ తినే చిలుక, సాక్సిటాక్సిన్‌ను తట్టుకునే గుల్ల ఇందుకు నిదర్శనాలు.

• విషాన్ని తయారుచేసే జీవి, మోసే జీవి, బాధపడే జీవి వేర్వేరు కావచ్చు. తీరంలో ఏరుకొని తినే గుల్లల విషయంలో పరీక్షా సౌకర్యం స్థానికులకు కూడా అందవలసి ఉంది.

• నెరీస్‌టాక్సిన్ నుండి వచ్చిన కార్టాప్ వరి రైతుకు ఉపయోగకరమే. అయినా వర్గం మార్చకుండా వాడితే పత్తిలో పైరిత్రాయిడ్లకు పట్టిన గతే దీనికీ పడుతుంది.

• కార్టాప్ విషప్రభావానికి చికిత్స ఆర్గానోఫాస్ఫరస్ చికిత్సకు భిన్నం. ఈ సమాచారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల స్థాయిలో తెలుగులో అందుబాటులో ఉండాలి.

ఎర పురుగుపై వాలిన ఈగ చనిపోవడాన్ని గమనించిన చూపు నుండి ఒక పురుగుమందు పుట్టింది. అదే చూపుతో తుళ్లూరు చేలో, డెల్టా మడిలో, చెరువు గట్టు మీద ఏ జీవి దేనిని తిని ఏమవుతున్నదో పరిశీలించే అవకాశం ఈ ప్రాంత పరిశోధకులకు ఉంది. గుంటూరు సమీపాన లాంలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రధాన కార్యాలయం, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉండటం, బాపట్లలో వ్యవసాయ కళాశాల ఉండటం, తీరం అక్కడికి దగ్గరే కావడం ఇందుకు అనుకూలించే అంశాలు. వ్యవసాయ కీటకశాస్త్రం, సముద్ర జీవశాస్త్రం, విషవైద్యం కలిసి చేయవలసిన అధ్యయనానికి ఈ ప్రాంతం తగిన క్షేత్రం.